బతిస్తా మీద ఏడ్చిన పాట

బ్రొచ్చు అనే మెత్తటి జున్ను తేలే వేళకి పక్కన ఎవరూ నోరు మెదపకూడదని సవేరియు పట్టుదల. గట్టి జున్ను తీసేశాక మిగిలిన విరుగుడు నీళ్ళు రాగి గంగాళంలో కాగుతుంటాయి. అందులో పొద్దున పితికిన మేకపాలు కాసిని, గుప్పెడు ఉప్పు. మంట ఎక్కువైతే అడుక్కి మడ్డి కడుతుంది, తక్కువైతే అసలు తేలదు. అందుకని ముంజేయి ముంచి వేడి చూసుకుంటాడు, కట్టె ఒకటి వెనక్కి లాగుతాడు, అంచున తెల్లటి నలుసులు కనపడే దాకా జల్లిగరిటె పట్టుకుని కొయ్యలా నిలబడతాడు. సరిగ్గా ఆ నలుసులు కనపడుతున్న సమయానికే అతని చెల్లెలు దివోతా చేతిలో కాగితంతో లోపలికి వచ్చింది.

"ఓ సవే, మేయరు ఆఫీసు నించి ఉత్తరం."

"తర్వాత."

"తర్వాత కాదు, ఇప్పుడే విను. ఆదివారం పండక్కి నువ్వు పాడే పాటల్లోంచి ఒకటి తీసెయ్యమంటున్నారు. బతిస్తా పాట."

గరిటె ఆగింది. దివోతా కళ్ళజోడు సవరించుకుని చదివింది. శాన్ బ్రంకాజియు పండుగలో పాడే పాటల జాబితాని కర్తల హక్కులు చూసే ఆఫీసుకి పంపించాలట, పంపించారట. మూడో పాట 'బతిస్తా కోసం' దగ్గర కర్తగా లిసాంద్రు పేరు ఉందట. మాటలు అతనివే, బాణీ అతనిదే, పై, నడిమి, కింది అని మూడు గొంతుల కూర్పూ అతనిదే. ఆ పాటని ఆ రోజు లిసాంద్రు బృందమే పాడబోతోంది కాబట్టి సవేరియు గారు మరో పాట ఎంచుకుంటే బాగుంటుందని మేయరు మనవి. కింద ఇంకో ముక్క కూడా ఉంది. నలభై ఏళ్ళకి పైగా కోర్సికా పాటని, మాటని కాపాడినందుకు సవేరియు గారికి అదే వేదిక మీద సన్మానం.

"మాటలు వాడివా?" అన్నాడు సవేరియు. "బతిస్తా చచ్చిపోయేనాటికి వాడింకా పుట్టనే లేదే! పుట్టకముందే రాశాడా వెధవ?"

"నన్నెందుకు తిడతావు? రాసింది నేనా?"

"సన్మానం కూడానట. చెంప మీద కొట్టి చేతిలో పూలు పెడతారన్నమాట."

"ఓ సవే, పొంగుతోంది!"

చూసేసరికి గంగాళం మరుగుతోంది. తెల్లగా మెత్తగా తేలాల్సింది రబ్బరు ముక్కల్లా ఉడికిపోయి గిరగిరా తిరుగుతోంది. సవేరియు దానికేసి ఒక్క క్షణం చూసి, గరిటె గోడకేసి కొట్టి, గంగాళం మొత్తం పందుల తొట్టిలోకి ఒంపేశాడు. నలభై ఏళ్ళలో అలా పారబొయ్యడం అది రెండోసారి. పందులు మాత్రం చాలా సంతోషించాయి.

ఆ రోజంతా అతని నోట్లో చేదు పోలేదు. లిసాంద్రు పన్నెండో ఏట ఈ వంటింట్లోకే వచ్చి, ఆ బల్ల దగ్గరే కూచుని పాట నేర్చుకున్నాడు. వాడికి గొంతు ఉంది, అది కాదనలేం. కానీ ఇప్పుడు వాడు, వాడి ఐదుగురు, అందరూ నల్ల చొక్కాలు. సముద్రం పక్క బండల మీద నిలబడి, ఎవరో చచ్చినట్టు మొహాలు పెట్టి ఫోటోలు. వేసవి వస్తే హోటల్లో వారానికి మూడు కచేరీలు. గొర్రె మొహం ఎరగనివాడు కూడా పాటల డిస్కు అట్ట మీద గొర్రెలకాపరి కర్ర పట్టుకుని నిలబడతాడు. అవి చూసినప్పుడల్లా సవేరియు పక్కకి ఉమ్మేసేవాడు. అయినా ఇన్నాళ్ళూ పోనీలే, పాట బతుకుతోంది కదా అని సరిపెట్టుకున్నాడు. ఇప్పుడు పాటే వాడిదట.

మర్నాడు మధ్యాహ్నం కిందకి దిగి సముద్రపొడ్డు హోటలుకి వెళ్ళాడు. పాత ట్రక్కుని మెరిసే కార్ల మధ్య ఆపుతుంటే కాపలావాడు వచ్చి సరుకు వెనక గుమ్మం దగ్గర దింపమన్నాడు. సవేరియు వాడికి జవాబు చెప్పకుండా ముందు గుమ్మంలోంచే నడిచాడు. నడవాలో బల్ల మీద చెక్క పళ్ళెం, దాని మీద 'కాపరి భోజనం' అని పలక. ఆ పంది మాంసపు ముక్కలు ఏ దేశపు పందివో తెలీదు గానీ ఈ కొండల్లో రాలిన చెస్ట్‌నట్ కాయ ఒక్కటి కూడా అది తిన్న పాపాన పోలేదని చూడగానే తెలిసిపోతోంది. పక్కన బ్రొచ్చు అని పెట్టినదాన్ని వేలితో నొక్కి చూశాడు. ఆ వేలు తువ్వాలుకి తుడుచుకుని కూడా తృప్తి లేక ప్యాంటుకి మళ్ళీ తుడుచుకున్నాడు.

డాబా మీద ఆరుగురూ వరసగా నిలబడి ఉన్నారు, తలో మైకు ముందు, మొహాలు ఖాళీ కుర్చీల వైపు పెట్టుకుని.

"బడిపిల్లల్లా ఆ వరసేంటిరా?" అన్నాడు సవేరియు. "ఒకడి నోరు ఇంకొకడికి కనపడకుండా ఎలా పాడతార్రా? గుండ్రంగా నిలబడమని ఎన్నిసార్లు చెప్పాను నీకు?"

లిసాంద్రు నవ్వుతూ వచ్చి రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టబోయాడు. సవేరియు మొహం తిప్పేసుకున్నాడు.

"ఓ సవే, గుండ్రంగా నిలబడితే జనానికి వీపులు కనపడతాయి. టిక్కెట్టు కొని వచ్చి వీపులు చూస్తారా ఎవరైనా?"

"వీపే చూపించు. ఆ మొహం కంటే నయం. బతిస్తా పాట నీది ఎలా అయింది?"

లిసాంద్రు మిగతావాళ్ళని చూసి, సవేరియు మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాడు. "కోపం తెచ్చుకోకు. నేను రాయించకపోతే ఇంకొకడు రాయించుకుంటాడు. సముద్రం అవతల నించి ఎవడో వచ్చి ఎత్తుకుపోయేకంటే మనవాడి పేరు ఉండటం మంచిది కాదా?"

"మనవాడు కూడా ఎత్తుకుపోయాడుగా."

"ఎక్కణ్ణించి ఎత్తుకుపోయాను? చిన్నప్పుడు నేనడిగాను నిన్ను, ఈ పాట ఎవరిది అని. నువ్వేమన్నావు? జనానిది అన్నావు. జనానిది అంటే ఎవరిదీ కాదనేగా. ఎవరిదీ కానిదాని కింద పేరు ఖాళీగా ఉంటే నా పేరు రాశాను."

"మద్దలేనా పాడింది అది. వాళ్ళ తమ్ముడు బతిస్తా బండ కింద పడి పోతే శవం దగ్గర కూచుని పాడింది. మాట మాటా ఆవిడదే."

"ఒక్కతే కదా పాడింది? నువ్వు నాకు నేర్పింది మూడు గొంతుల పాట. మిగతా రెండు గొంతులు ఎక్కణ్ణించి వచ్చాయి?" లిసాంద్రు ఎగతాళిగా అనలేదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగాడు. "అవి నువ్వు కలిపావు. దాని మీద నేను ఇంకొంచెం కలిపాను. నువ్వు కలిపితే కాపాడటం, నేను కలిపితే దొంగతనమా?"

సవేరియుకి ఒళ్ళు మండింది. కొట్టాలనిపించింది, కానీ మైకుల ముందు ఐదుగురు కళ్ళప్పగించి చూస్తున్నారు.

"సరే, ఒక పని చెయ్యి," అన్నాడు లిసాంద్రు. "ఆ ముసలావిడ బతికే ఉందిగా? అది నాదే అని ఆవిణ్ణి ఒక కాగితం మీద సంతకం పెట్టమను. ఆదివారం అందరి ముందూ నేనే నా పేరు కొట్టేయిస్తాను. నా తల్లి మీద ఒట్టు."

"పెట్టిస్తాను. నువ్వు కొట్టెయ్యడానికి కలం సిద్ధం చేసుకో," అని సవేరియు వచ్చేశాడు. వస్తూ వస్తూ ఆ 'కాపరి భోజనం' పలకని బోర్లా పడేశాడు. అంతకంటే ఏం చెయ్యగలడు?

శుక్రవారం పొద్దున బ్రొచ్చు బ్రహ్మాండంగా తేలింది. ఒక బుట్ట నిండా తీసి, ఇంకా ఆవిరి పోకముందే గుడ్డ కప్పి మద్దలేనా ఇంటికి బయల్దేరాడు. ఆవిడ ఇల్లు ఊరి పైకొసన, రెండు మలుపులు ఎక్కితే వస్తుంది. తొంభై ఒకటి దాటాయి. ఎదురుపడితే పలకరింపుకి పలకరింపు ఉంది గానీ, ఇరవై ఏళ్ళుగా సవేరియు దగ్గర బ్రొచ్చు కొనదు. పక్క ఊరి మేకలవాడు తెచ్చేదాకా ఆగి మరీ కొనుక్కుంటుంది. అతని కచేరీకి ఒక్కసారీ రాలేదు. ముసలాళ్ళ మొండితనాలు ఎన్నో ఉంటాయి, ఇదొకటి అని అతను ఎప్పుడూ పట్టించుకోలేదు.

ఆవిడ గుమ్మం ముందు బల్ల మీద కూచుని బచ్చలిలాంటి పెద్ద ఆకుల కట్ట ఒళ్ళో వేసుకుని ఒలుస్తోంది. ఆకుని మధ్యకి మడిచి, తెల్లటి కాడని ఒక్క లాగులో ఊడదీసి, ఆకు ఒక బుట్టలోకి, కాడ ఇంకో బుట్టలోకి వేస్తోంది.

"పిన్నీ, బ్రొచ్చు తెచ్చాను. ఇప్పుడే తీసింది."

"అక్కడ పెట్టు," అంది చూడకుండా.

సవేరియు మెట్టు మీద కూచుని జరిగిందంతా చెప్పాడు. లిసాంద్రు పేరు చెప్పేటప్పుడు పక్కకి ఉమ్మేశాడు. ఎంత అసహ్యమో, ఎంత నీచమో, తోబుట్టువు దుఃఖాన్ని తీసుకుపోయి తన పేరు రాసుకునేవాడు ఎలాంటివాడో చాలాసేపు చెప్పాడు. చెప్పే కొద్దీ గొంతు లేచింది. చివరికి జేబులోంచి కాగితం తీసి మోకాలి మీద చదును చేశాడు.

"అది నాదే అని ఒక్క సంతకం పెట్టు పిన్నీ. మిగతాది నేను చూసుకుంటాను."

"నాది కాదుగా."

"అదేంటి! నువ్వేగా పాడావు?"

"పాడాను. బతిస్తాకి పాడాను. వాడు తీసుకుపోయాడు." ఆవిడ ఇంకో ఆకు మడిచింది. "నువ్వు కిటికీ పక్కన నించున్నావు. చెక్క తలుపు వారగా వేసి ఉంది. నీ టేపు మిషను గిర్రుమని తిరుగుతుంటే నాకు వినపడింది సవే."

ఆవిడకి తెలుసని అతనికి తెలియదు.

"ఆడవాళ్ళం లోపల, మగవాళ్ళు బయట. నువ్వు బయటే ఉన్నావులే, ఆ తప్పు చెయ్యలేదు. నేనే లేచొచ్చి ఆ మిషను బద్దలు కొట్టుండాల్సింది. కానీ తమ్ముడు బల్ల మీద పడుకుని ఉన్నాడు. నీతో పోట్లాడే ఓపిక నాకెక్కడిది?"

"అది పోకూడదని పిన్నీ. అప్పటికే పెద్దవాళ్ళు ఒక్కొక్కళ్ళూ పోతున్నారు. నేను పట్టుకోకపోతే అదీ పోయేది."

"పోవాలి," అంది మద్దలేనా. "పోవడానికే పాడేది. పోయినవాడితో పాటు పోవాలి. రెండోసారి పాడే ఏడుపు ఎక్కడైనా ఉందా? మా అమ్మ పదిమంది మీద పాడింది, పదీ వేరువేరు. ఒక్క మాట కూడా ఒకళ్ళది తీసి ఇంకొకళ్ళకి పెట్టలేదు. నీకు తెలీదా ఆ సంగతి? పుస్తకాల్లో కూడా రాశావటగా."

రాశాడు. ఊరూరా తిరిగి ఆ ఆచారం గురించి ప్రసంగాలు కూడా చేశాడు. శవం దగ్గర ఏడ్చిన పాటని తిరిగి పాడరు అని చెప్పి, సభని ఒక్క నిమిషం మౌనంగా ఉంచి, ఆ వెంటనే బతిస్తా పాట పాడేవాడు. ఆ వరసలో ఏదో తేడా ఉందని ఇన్నేళ్ళలో అతనికి ఒక్కసారి కూడా తట్టలేదు.

"పోనీ, బతిస్తాది బతిస్తాదే," అంది ఆవిడ. "మతేయు సంగతి చెప్పు. నా కొడుకు పోయినప్పుడు నువ్వేం చేశావో గుర్తుందా?"

గుర్తుంది. చర్చిలో మరో ఇద్దరితో కలిసి శవపేటిక పక్కన నిలబడి ఆ పాటే పాడాడు. తల్లి పాట కొడుక్కి అర్పిస్తున్నాననుకున్నాడు. అంత బాగా అతను ఎన్నడూ పాడలేదు. చర్చి మొత్తం ఏడ్చింది. ఫాదరీ బయటికి వచ్చి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. మద్దలేనా ఒక్కతే ముందు వరసలో పొడి కళ్ళతో కూచుంది.

"ఒకడి ఒంటి మీద చొక్కా విప్పి ఇంకొకడికి తొడిగావు," అంది. చేతులు ఆగలేదు, ఆకులు ఊడుతూనే ఉన్నాయి. "అంతకుముందు పగలంతా మతేయు పక్కన కూచున్నాను. వాడి కోసం నోరు తెరుస్తాను కదా, నీ బాణీ వస్తుంది. రేడియోలో నువ్వు పాడేది, మూడు గొంతులతో. మూసుకుంటాను. మళ్ళీ తెరుస్తాను, మళ్ళీ అదే. చుట్టూ ఆడవాళ్ళు ఎదురు చూస్తున్నారు, మద్దలేనా ఇప్పుడు అందుకుంటుంది, ఇప్పుడు అందుకుంటుంది అని. కన్నకొడుక్కి నా దగ్గర ఒక్క మాట లేకపోయింది సవే. ఉత్త చేతులతో పంపించాను వాణ్ణి. ఊళ్ళో ఏమన్నారు? మద్దలేనాది గుండె కాదు, రాయి అన్నారు. మీ దివోతా కూడా అంది."

సవేరియు మోకాలి మీద కాగితం అలాగే ఉంది. లిసాంద్రు గురించి ఇంతసేపూ తను వాడిన మాటలన్నీ ఆ మెట్టు మీద తన పక్కనే కూచున్నట్టనిపించింది. నీచం. తోబుట్టువు దుఃఖాన్ని తీసుకుపోయేవాడు. ఒంటి మీద ఏదో పాకినట్టు కంపరం పుట్టి, రెండు చేతులూ ప్యాంటుకి తుడుచుకున్నాడు.

"పిన్నీ, నన్ను..."

"క్షమించమని అడక్కు. నా దగ్గర అది లేదు. ఉంటే ఇచ్చేదాన్నే." ఆవిడ మొదటిసారి తలెత్తి చూసింది. "ఒకటి చెయ్యి. నేను ఎన్నాళ్ళో ఉండను. నా శవం దగ్గర గానీ, చర్చిలో గానీ, దోవలో గానీ ఆ పాట ఎవరూ ఎత్తకూడదు. నువ్వు కాదు, ఆ నల్ల చొక్కాలవాడు కాదు, ఎవరూ. మద్దలేనా పాట మద్దలేనాకే పాడదాం అని బయల్దేరతారు, నాకు తెలుసు. పాడనివ్వకు. నన్ను ఊరికే పోనివ్వండి. మాటిస్తావా?"

"ఇస్తున్నాను."

"బ్రొచ్చు తీసుకుపో. ఎండ పడుతోంది దాని మీద."

ఆదివారం చర్చి ముందు మైదానం కిటకిటలాడుతోంది. పొద్దున ఫాదరీ మేకల మీద, గొర్రెల మీద పవిత్రజలం చల్లాడు. మందలు అలా వెళ్ళాయో లేదో ఆ పేడ మీదే ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ద్వీపం పటం అచ్చేసిన చొక్కాలు, తువ్వాళ్ళు, చాయ్ కప్పులు అమ్ముతున్నారు. వేదిక వెనక లిసాంద్రు నల్ల చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు.

"ఇవాళ దాన్ని పాడకు," అన్నాడు సవేరియు.

"ఆవిడ సంతకం పెట్టిందా?"

"లేదు. నాది కాదంది."

లిసాంద్రు మొహం విప్పారింది. "చూశావా! ఆవిడే కాదన్నాక ఇంక మనకెందుకు గొడవ? నాకు రెండు రోజులు నిద్ర లేదు తెలుసా? నిన్ను నొప్పించానని." ఈసారి నిజంగానే రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టాడు. సవేరియు వివరించబోయాడు. అంతలో మేయరు మైకులో అతని పేరు పిలిచాడు.

మేయరు చాలా పెద్ద మాటలు మాట్లాడాడు. వేర్లు అన్నాడు, ఆత్మ అన్నాడు, తరతరాల నిధి అన్నాడు. కొండ దిగువ చెస్ట్‌నట్ తోపు నరికి హోటలుకి దారి వేయించిన నోటితోనే అదంతా అన్నాడు. ఆ తరవాత అద్దంతో చేసిన జ్ఞాపిక సవేరియు చేతిలో పెట్టాడు. అది చల్లగా, జిడ్డుగా ఉంది. సవేరియు దాన్ని పక్కనున్న కుర్చీలో పెట్టి మైకు దగ్గరికి వచ్చాడు.

"ఇది నాకివ్వకండి," అన్నాడు. "బతిస్తా పాటని నేను కాపాడానని చెప్పారు. కాపాడలేదు. అక్క తమ్ముడి శవం దగ్గర ఏడుస్తుంటే కిటికీ పక్కన దాక్కుని మిషనులో పట్టుకున్నాను. ఆవిణ్ణి అడగలేదు. ఆవిడ కొడుకు పోయిన రోజున అదే పాట ఆవిడ మొహం మీద పాడాను. ఆ తల్లి నోరు మూయించింది నేను. నేను దొంగని. అది పాట కాదు, ఒక మనిషి ఏడుపు. దాన్ని ఇంక పాడకండి. ఎవరూ పాడకండి. ఇవాళ్టితో దాన్ని పోనివ్వండి."

సవేరియు గుండె తేలికపడబోయింది.

"దొంగ వర్ధిల్లాలి!" అని వెనక నించి ఎవడో అరిచాడు. జనం గొల్లుమన్నారు. చప్పట్లు మొదలై పెద్దవయ్యాయి. కొందరు లేచి నిలబడ్డారు. ముందు వరసలో ఒకామె కళ్ళు తుడుచుకుంటూ, ఎంత బాగా మాట్లాడాడో అని పక్కామెతో అంది. మేయరు అతని భుజం చుట్టూ చెయ్యి వేసి మైకులోకి, "ఈ వినయం చూశారా! ఇదీ మన జాతి!" అన్నాడు. మూడో వరసలో దివోతా ఒక్కతే చప్పట్లు కొట్టకుండా, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, అన్న మొహంలోకి చూస్తూ కూచుంది. ఊరితో పాటు తనూ రాయి అన్న మనిషి గుర్తొచ్చినట్టుంది, కాసేపటికి తల దించుకుంది.

సవేరియు వెనక్కి అడుగు వేశాడు. వేదిక దిగిపోదామంటే మేయరు చెయ్యి వదలడం లేదు. నల్ల చొక్కాలు ఆరుగురూ వచ్చి నిలబడ్డారు. "మా గురువుగారి కోసం ఇవాళ గుండ్రంగా నిలబడి పాడతాం," అని లిసాంద్రు ప్రకటించాడు. దానికీ చప్పట్లు. వాళ్ళు గుండ్రంగా తిరిగారు, సవేరియుని కూడా ఆ గుండ్రంలోకే లాక్కున్నారు.

లిసాంద్రు అందుకున్నాడు. ఓ బతిస్తా, నా తమ్ముడా, అని ఎత్తగానే మైదానంలో సగం మంది కలిశారు. రెండో వాక్యానికి అందరూ కలిశారు. సాసేజీలు కాల్చేవాడు, టోపీలు అమ్మేవాడు, తల్లుల ఒళ్ళో పిల్లలు, అందరికీ వచ్చు ఆ పాట. రేడియోలో, బళ్ళో, పెళ్ళిళ్ళలో, బంతాట గెలిచినప్పుడు పాడి పాడి అరిగిపోయింది. నలభై ఏళ్ళు తిరిగి సవేరియే నేర్పాడు. రేపు మద్దలేనా శవపేటిక ఆ రెండు మలుపులూ దిగి వస్తుంటే వీళ్ళలో ఎంతమంది నోళ్ళని తను ఆపగలడు?

మూడో చరణంలో కింది గొంతు చాలా నిండుగా వచ్చింది. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగి, పై గొంతుని భుజం మీద ఎక్కించుకుని మోస్తోంది. లిసాంద్రు బృందంలో ఇంత మంచి కింది గొంతు ఎవరిదా అని సవేరియు ఆశ్చర్యపోయాడు. లిసాంద్రు తనవైపే తడి కళ్ళతో చూస్తున్నాడు. అప్పుడు ఆ గొంతుకి అదురుతున్నది తన ఛాతీయేనని తెలిసింది.

నోరు మూసుకున్నాడు. పళ్ళు బిగించి, పెదవి కొరికి పట్టుకున్నాడు. కింది గొంతు తప్పుకునేసరికి పాట ఒక్కసారి కుంటింది, లిసాంద్రు కంగారుగా కనుబొమ్మలెగరేశాడు. ఆ కుంటుని సవేరియు చెవి ఓర్చుకోలేకపోయింది. బాణీ తిరిగి మొదటికి రాగానే ఊపిరి దానంతట అదే నిండింది, నోరు దానంతట అదే తెరుచుకుంది. నాలుగో చరణం అతను మళ్ళీ అందుకున్నాడు.